తబితమ్మ ఓటు

బీదర్‌లో ఎర్రగుంత గల్లీకి దారి ఎవరినీ అడగక్కర్లేదు, ముక్కుకే తెలిసిపోతుంది అనేవాళ్లు ఒకప్పుడు. ఎప్పుడో ఎర్రరాయి తవ్వుకుపోయిన పెద్ద గుంత అది. రాయి అయిపోయాక ఊరి చెత్తా కచరా అంతా ట్రాక్టర్లలో తెచ్చి అందులో పోయసాగారు. గుంత నిండి గుట్టయింది. ఎండాకాలం అది తనంతట తానే అంటుకుని రోజుల తరబడి పొగ కక్కేది. వానాకాలం దాని అడుగు నుంచి నల్లటి నీళ్లు గల్లీలోకి పారేవి. బోరింగు కొడితే పసుపు రంగు నీళ్లు. అన్నం ముందు కూర్చుంటే ఒక చెయ్యి తినడానికి, ఇంకో చెయ్యి ఈగలు తోలడానికి.

తబితమ్మ ఆ గల్లీలోనే పుట్టింది, ఆ గల్లీలోనే కాపురం చేసింది. తండ్రి సొలొమోను ఒక ఆసుపత్రిలో వార్డు బాయ్‌గా చేసి చనిపోయాడు. తల్లి మంచాన పడ్డవాళ్లకు ఇళ్లకు పోయి సేవ చేసేది. తబితమ్మ పదో తరగతితో బడి మానేసి కుట్టుపని నేర్చుకుంది. భర్త నథానియేల్ బస్సు డిపోలో మెకానిక్, మాట తక్కువ మనిషి. ఒక్కతే బిడ్డ షెకినా, ధన్నూరలో బడి టీచరు. జాకెట్లకు కొలతలిద్దామని వచ్చిన ఆడవాళ్లు కొలతలిచ్చి ఊరుకుంటారా, ఇంటి సంగతులన్నీ చెప్పుకుని తేలికపడి పోయేవాళ్లు. ఎవరి కోడలికి నెలలు నిండాయో, ఎవరి మొగుడు తాగొచ్చి తన్నాడో, ఎవరి పిల్ల ఒళ్లంతా దద్దులు లేచాయో తబితమ్మకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఆ దద్దుల మూలంగానే ఆమె మొదటిసారి వీధిలోకి వచ్చింది. ఒక వానాకాలం గల్లీలో పిల్లలందరికీ ఒంటి మీద పుండ్లు. ఒకరోజు పొద్దున ట్రాక్టరు చప్పుడు వినబడగానే కుడుతున్న బట్టను మిషను మీదే వదిలేసి, మెడలో టేపు అలాగే ఉండగా, పోయి ట్రాక్టరు ముందు నిలబడింది. ఎదురింటి బసమ్మ జొన్నరొట్టెలు చేసి అమ్మేది. పిండి చేతులతోనే వచ్చి పక్కన నిలబడింది. వాళ్లిద్దర్నీ చూసి మిగతా ఆడవాళ్లు వచ్చారు. మధ్యాహ్నం దాకా ఒక్క ట్రాక్టరు కూడా కదలలేదు.

ఆ సంగతి విని సదాశివ్ వచ్చాడు. గంజ్ బజారులో పప్పులూ బెల్లమూ టోకుగా అమ్మే దుకాణం ఆయనది. తాతల కాలం నుంచి ఇక్కడే ఉన్న తెలుగు కోమట్లు. ఆయన తల్లి కాశీబాయికి చివరి రోజుల్లో సేవ చేసింది తబితమ్మ తల్లే. తల్లి వెంట పోయి ఆ ఇంట్లో ఆడుకున్న పిల్ల తబిత. కాశీబాయి కన్నుమూసిన రోజు సదాశివ్ ఈ పిల్లను దగ్గరికి తీసుకుని, "మీ అమ్మ లేకుంటే మా అమ్మ గింత నిమ్మళంగా పోకపోవు. నాకు చెల్లెండ్లు లేరు, ఇగ నువ్వే" అన్నాడట. అన్నమాట నిలుపుకున్నాడు. ప్రతి క్రిస్మస్‌కు తబితమ్మ గడపలో అందరికంటే ముందు అడుగు పెట్టేది సదాశివన్నే. షెకినా పెళ్లిలో మేనమామలా ముందు నిలబడి అన్నీ నడిపించాడు.

ఆయన అప్పటికే పార్టీకి పట్టణ నాయకుడు, నగరసభలో సభ్యుడు. ఎన్నికలు దగ్గర పడ్డప్పుడు ఎర్రగుంత వార్డు ఆడవాళ్లకు రిజర్వయింది. సదాశివ్ వచ్చి మిషను పక్క ముక్కాలి పీట మీద కూర్చున్నాడు.

"చెల్లె, నిలబడు."

"నాకేం తెలుస్తదన్నా రాజకీయం?"

"ట్రాక్టరు ముంగట నిలబడ్డవ్ గదా. గదే రాజకీయం. గుంత తీయించుకోవాల్నంటే లోపలికి రావాలె. బయట నిలబడి ఎన్నేండ్లు ఒర్రుతవ్?"

నథానియేల్‌కు ఇష్టం లేదు. "వాళ్ల లోకం వేరే తబితా" అని ఒక్క మాటన్నాడు, అంతే. ఆమె నిలబడింది. బసమ్మ ఇల్లిల్లూ తిరిగింది. కన్నడం వాళ్లకు కన్నడంలో, తురకోళ్లకు దక్కనీలో, తెలుగు వాళ్లకు తెలుగులో, "మన తబితా, మన గల్లీ బిడ్డ" అని చెప్పి ఓట్లు వేయించింది. తబితమ్మ గెలిచింది. రెండోసారి కూడా గెలిచింది.

గెలిచి ఆమె పెద్దగా మారిందేమీ లేదు. జాకెట్లు కుడుతూనే ఉంది. సభలో కన్నడం గబగబా మాట్లాడితే ఆమెకు సగమే అర్థమయ్యేది, అర్థం కానిది సదాశివన్నను అడిగేది. పార్టీ చెయ్యెత్తమంటే ఎత్తేది, దించమంటే దించేది. దాంట్లో తప్పుందని ఆమెకు ఎన్నడూ అనిపించలేదు. గుంత సంగతి ఒక్కటే ప్రతి సభలో లేచి అడిగేది. "మల్ల లేచిందిరా గుంతమ్మ" అని వెనక కుర్చీల వాళ్లు నవ్వేవారు. నవ్వనీ అనుకునేది.

చివరికి ఆ రోజు వచ్చింది. కచరా వేసే చోటు మార్చాలని పార్టీ నిర్ణయించింది. కమఠాణ పోయే దారిలో ఊరి బయట సర్కారు భూమి చూశారు. సభలో ఆ తీర్మానం, వాళ్ల మాటలో ఠరావు, పాసైతే చాలు, నెల తిరక్కుండా ట్రాక్టర్లు అటు పోతాయి. ఆ కబురు తెలిసిన రోజు గల్లీలో పండగే. బసమ్మ బెల్లం ముక్కలు పంచింది. తన మనుమడు చరణ్‌ను, ఆరేళ్ల వాణ్ని, ఎత్తి తబితమ్మ చేతిలో పెట్టి, "వీడన్న మంచి గాలి పీలుస్తడు తబితా, నీ పుణ్యాన" అంది. వాడికి పుట్టినప్పటి నుంచీ దగ్గు. తబితమ్మ వాడి నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది.

ఆ వారమే కమఠాణలో చుట్టాలింట్లో ప్రార్థన కూడిక ఉండి, భార్యాభర్తలిద్దరూ బండి మీద పోయి వస్తున్నారు. "గా కొత్త జాగ ఈడ్నే ఎక్కడ్నో అంటున్నరు, జర చూసి పోదాం" అంది తబితమ్మ. సంబరంగానే అంది. కొత్త ఇంటికి పునాది చూడబోయే మనిషిలా ఉంది ఆమె ముఖం.

రోడ్డు దిగి కొంచెం లోపలికి పోతే బోడి మిట్ట. సర్కారు వాళ్లు పాతిన రాళ్లున్నాయి. మిట్ట మీద నిలబడి చూస్తే కింద వాలులో ఒక తాండా. చిన్న చిన్న ఇళ్లు, మేకల దొడ్లు, వాటికీ మిట్టకూ నడుమ ఒక బావి. ఆడవాళ్లు నీళ్లు చేదుకుంటున్నారు. తబితమ్మ ముఖంలో సంబరం అక్కడే ఆగిపోయింది. ఆమె దిగి బావి దగ్గరికి పోయింది. నడివయసు ఆడమనిషి ఒకామె, పేరు జగదేవి, ఎవరో ఏమిటో అడక్కుండానే చెంబు నిండా నీళ్లిచ్చింది.

"ఎండల వచ్చినట్టున్నరు, తాగుండ్రి."

తాగింది. చల్లగా, కమ్మగా ఉన్నాయి నీళ్లు. అలాంటి నీళ్లు ఎర్రగుంత గల్లీలో తన చిన్నప్పుడు తాగింది.

"ఈ బాయి ఒక్కటేనా అమ్మా మీకు?"

"ఒక్కటే. ఎండాకాలం సుత ఎండది. మనుషులకు, మేకలకు గిదే."

"పైన మిట్ట మీద రాళ్లు పాతిండ్రు గదా, ఎందుకో ఎరికేనా?"

"కొలిచిండ్రు. ఏదో బడి కడ్తరేమో అనుకుంటున్నం" అంది జగదేవి.

తబితమ్మ మిట్ట వైపు చూసింది. ఏం చెప్పాలి? బడి కాదు, బీదర్ కచరా వస్తుంది, వాన పడ్డప్పుడల్లా నల్లటి నీళ్లు ఈ వాలు వెంట దిగి ఈ బావిలోకే వస్తాయి, కొన్నాళ్లకు పసుపు పచ్చగా అవుతాయి, పిల్లలకు దద్దులు లేస్తాయి. అవన్నీ ఆమెకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. చెంబు తిరిగి ఇచ్చి బండెక్కింది. దారిలో నథానియేల్ వీపుకు తల ఆనించి ఏడ్చింది. అతను బండి ఆపలేదు, ఏమైందని అడగలేదు. అతనూ చూశాడు బావిని.

మర్నాడే గంజ్‌కు పోయింది. సదాశివ్ గద్దె మీద కూర్చుని ఎవరితోనో బేరం ఆడుతున్నాడు. చెల్లెలి ముఖం చూసి వాళ్లను పంపేశాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు.

"నాకెరికే" అన్నాడు.

"ఎరికేనా?"

"బాయి ఉన్న సంగతి ఎరికే. ఇంజినీరు చెప్పిండు."

"మరి వేరే జాగ చూడకపోతిరి? హుమ్నాబాద్ దారిల రాళ్ల గుట్టకాడ సర్కారు భూమి లేదా? ఆడ ఊరు లేదు, బాయి లేదు."

సదాశివ్ తూకం రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చసాగాడు. ఆ రాళ్ల గుట్ట పక్కనే పార్టీ పెద్దాయన ఒకరు ప్లాట్లు వేస్తున్నాడు. కచరా అక్కడికి పోతే ఆ ప్లాట్లు కొనే నాథుడుండడు. అది ఆయన విప్పి చెప్పలేదు, చెప్పకుండా దాచనూ లేదు.

"చెల్లె, గది అయ్యేటిది గాదు. నేనడగకుండ ఉన్ననా? అడిగిన. ఇజ్జత్ పోగొట్టుకుని వచ్చిన. ఇప్పుడు మన చేతిల ఉన్నది గిదొక్కటే. మొదలు నీ గల్లీ పిల్లలను బతికిచ్చుకో. మల్ల వాళ్లకు నేను జిమ్మేదారి, బోరు ఏపిస్త, టాంకీ కట్టిస్త."

"గా ముచ్చట ఠరావుల రాయుండ్రి అన్నా. ముందుగాల నీళ్లు, తర్వాత కచరా అని."

"రాస్తె ఏండ్లు పడ్తది. గవర్నమెంటు సంగతి నీకెరికే గదా."

"మరి మాకు పట్టలేదా ఏండ్లు? మా నీళ్లు ఖరాబ్ అయినప్పుడు ఎవరన్న గిట్లనే జిమ్మేదారి అన్నరు గావచ్చు."

ఆ మాట ఆయనకు తగిలింది. ముఖం ఎర్రబడింది. "నేను వేరే, వాళ్లు వేరే" అన్నాడు మెల్లగా. ఆమెకూ తెలుసు ఆయన వేరే అని. అందుకే అంత కష్టమైంది.

రెండు రోజులకు విప్ వచ్చింది. పార్టీ సభ్యులందరూ ఠరావుకు ఓటెయ్యాలి, వెయ్యకపోయినా, రాకపోయినా పదవి పోతుందని కాగితం. పార్టీ మనిషి వచ్చి దస్తఖత్తు చేయించుకుని పోయాడు. సభలో ఆ పార్టీ బలం అటూ ఇటూగా ఉంది, ఒక్కరు జారినా ఠరావు పడిపోతుంది.

ఆ రోజుల్లో ఆమె బసమ్మను తప్పించుకు తిరిగింది. ఎదురింటి గడప దాటి పోయేటప్పుడు తల వంచుకుని పోయేది. చెప్పి ఉండాల్సింది. పిలిచి కూర్చోబెట్టి, "అక్కా, నేను ఇట్లా చూసి వచ్చిన, నా మనసొప్పుతలేదు" అని చెప్పి ఉండాల్సింది. చెప్తే బసమ్మ చరణ్‌ను చూపిస్తుంది. చరణ్‌ను చూస్తే తను నిలబడలేదు. అందుకని చెప్పలేదు.

నథానియేల్‌ను మాత్రం అడిగింది. ఆదివారం గుడి నుంచి వచ్చి అన్నాలు తింటున్నారు.

"ఏం జెయ్యాలె నేను?"

అతను తినడం ముగించి చెయ్యి కడుక్కున్నాడు. "ఎట్ల జేసినా తిట్టు పడ్తది" అన్నాడు. "ఎవరి తిట్టు పడ్తవో నువ్వే చూస్కో. నేనైతే నీ ఎంబడి ఉంట."

సభ రోజు హాలు నిండింది. ఎర్రగుంత గల్లీ నుంచి ఆడవాళ్లు వచ్చి బయట మెట్ల మీద కూర్చున్నారు. వాళ్లలో బసమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చింది. అధ్యక్షుడు ఠరావు కన్నడంలో చదివించాడు. అనుకూలం వాళ్లు చేతులెత్తండి అన్నాడు. చేతులు లేచాయి. ముందు వరసలో సదాశివ్ చెయ్యి ఎత్తి, అలాగే వెనక్కి తిరిగి చూశాడు. తబితమ్మ చేతులు ఒళ్లో ఉన్నాయి. ఆయన చూపులో కోపం లేదు. వద్దు చెల్లె, వద్దు, అని బతిమాలుతున్నట్టు ఉంది. ఆమె కళ్లు దించుకుంది.

వ్యతిరేకం అన్నారు. అవతలి పార్టీ వాళ్లందరి చేతులూ లేచాయి. వాళ్లకు తాండా ఎక్కడుందో కూడా తెలియదు, వీళ్ల ఠరావు పడగొట్టడం ఒక్కటే కావాలి. వాళ్ల నడుమ తబితమ్మ చెయ్యి లేచింది.

ఠరావు పడిపోయింది. అవతలి వాళ్లు బల్లలు చరిచారు, ఈలలు వేశారు. ఒకాయన వచ్చి, "శాబాష్ తబితమ్మా, ఇగ మా దిక్కు రా" అన్నాడు.

"నేను మీ దిక్కు వచ్చిన్నని ఎవరన్నరు?" అంది తబితమ్మ. ఆ బల్లల చప్పుళ్లు ఆమెకు చెప్పుదెబ్బల కంటే ఎక్కువగా తగిలాయి. తను లేచి చెప్పాలనుకున్న నాలుగు మాటలు, బావి సంగతి, రాళ్ల గుట్ట సంగతి, ఆ గోలలో ఎవరూ చెప్పనివ్వలేదు.

బయటికి వచ్చేసరికి మెట్ల మీద కబురు అప్పటికే పాకింది. ఆడవాళ్లు ఆమెను చూసి లేచి నిలబడ్డారు, దారి ఇచ్చారు. బసమ్మ ఆమె వైపు చూడకుండా మెట్లు దిగిపోయింది. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత గల్లీలో ఆమె మిషను చప్పుడు తగ్గిపోయింది. కుట్టడానికిచ్చిన బట్టలు కుట్టకుండానే వాపసు తీసుకుపోయారు. అవతలి పార్టీ దగ్గర పైసలు తిన్నదని కొందరు, తాండాలో వాళ్ల మతం వాళ్లున్నారని కొందరు అన్నారు. తాండాలో ఆమె మతం వాళ్లు ఒక్కరూ లేరు. ఎవరితో చెప్పుకుంటుంది? గుడిలో కూడా కొందరు పలకరింపు మానేశారు. పాస్టరయ్య మాత్రం ప్రార్థనలో ఆమె పేరు మానలేదు.

విప్ మీరిందని, ఆమె పదవి తీసెయ్యాలని పార్టీ పెట్టిన ఫిర్యాదు మీద మొదటి దస్తఖత్తు సదాశివ్‌దే. పార్టీ నాయకుడు ఆయనే మరి, ఆయన చెయ్యకపోతే ఆయన పనీ అయిపోతుంది. విచారణ రోజు ఆఫీసు వరండాలో ఇద్దరూ ఎదురుపడ్డారు. చుట్టూ వకీళ్లు, పార్టీ వాళ్లు. ఆయన సన్నబడ్డాడు.

"నన్ను అడగకపోతివి" అన్నాడు. "ఆరోజు పొద్దున ఒక్క మాట నాకు చెప్తే నేనే రాకుండ ఉంటుంటి. జరమొచ్చిందని పండుకుంటుంటి, ఠరావు దానంతట అదే పడిపోతుండె. అందరి ముంగట నా తల దించినవ్."

"చెప్పిన గదన్నా. దుకాణంల చెప్పిన."

"అది చెప్పుడు గాదు చెల్లె, అడుగుడు. చివరికి నేను నీ మాటే వింటనని నీకు నమ్మకం లేకపాయె."

ఆమె జవాబు చెప్పబోయేలోగా పేరు పిలిచారు. ఆ మాట ఆమెను చాలాకాలం తొలిచింది. నిజంగానే ఆయన రాకుండా ఉండేవాడా? ఇప్పుడనుకుంటున్నాడా? చెల్లె అనడం మాత్రం ఆ రోజు కూడా మానలేదు ఆయన.

ఆ ఏడు వానలు ఎక్కువ. గుట్ట నానింది, మురుగు గల్లీలో మోకాళ్ల దాకా వచ్చింది. జ్వరాలు మొదలయ్యాయి. ఇంటికొకరు పడ్డారు. తబితమ్మ ఆసుపత్రి వాళ్లను పిలిపించి మందులు పంచబోయింది, కొందరు తీసుకున్నారు, కొందరు తలుపులు వేసుకున్నారు. చరణ్‌కు జ్వరం వచ్చిందని తెలిసి ఉరికింది. అప్పటికే పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. వాడు తిరిగి రాలేదు.

డెంగీ అన్నారు డాక్టర్లు. డెంగీ ఊరంతా ఉంది, మంచి మేడలున్న కాలనీల్లో కూడా ఉంది. గుట్ట లేకపోయినా వాడికి వచ్చేదేమో, ఠరావు పాసైనా అప్పటికి గుట్ట కదిలేదో లేదో. తబితమ్మ తనకు తాను అవన్నీ చెప్పుకుంది. చెప్పుకున్నకొద్దీ నోరు చేదయింది.

ఆడవాళ్ల నడుమ బసమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది, ఏడుపు లేదు. తబితమ్మ పోయి కాళ్ల దగ్గర కూలబడింది. ఎవరో లేపబోతే బసమ్మే వద్దన్నది.

"ఆ తాండా పిలగాండ్లను చూసొచ్చినవంట గదా" అంది. "మంచిదే. నీ మనసు అసుమంటిదే, నాకెరికే. గని తబితా, మావోన్ని నువ్వు రోజు చూస్తుంటివి గదా."

తబితమ్మ ఇంటికొచ్చి తలుపేసుకుంది. ఆ తర్వాత చాలా రోజులు బైబిలు తెరిచి పెట్టుకుని కూర్చునేది, చదివేది కాదు. షెకినా వచ్చి తనతో తీసుకుపోతానంది. రానంది. "ఈడ్నుంచి పోతే పారిపోయినట్టయితది బిడ్డా."

చలికాలం పోయాక ఆమె సభ్యత్వం రద్దయిందని ఉత్తర్వు వచ్చింది. కోర్టుకు పోదామని వకీలు అన్నాడు, ఆమె వద్దంది. ఉప ఎన్నికలో సదాశివ్ కోడలు నేహాను నిలబెట్టారు. ఎర్రగుంత వార్డు మొత్తం నేహాకే వేసింది. తబితమ్మ కూడా పోయి ఓటేసింది, ఎవరికో ఎవరికీ చెప్పలేదు. నేహా సభలో కూర్చున్న మొదటి నెలల్లోనే పాత ఠరావు మళ్లీ వచ్చింది, ఈసారి పాసైంది.

అది పాసైన సంతోషం సదాశివ్ చూడలేదు. అంతకు కొద్దిగా ముందు ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. తెలిసిన రోజే తబితమ్మ పోయింది. వాకిట్లో పార్టీ వాళ్లు ఆమెను చూసి పక్కకు జరిగారు. నేహా ఎదురొచ్చి, "రా అత్తా" అని లోపలికి తీసుకుపోయింది. కాశీబాయి పడుకున్న ఆ గదే.

"అన్నా, నేను, తబితను."

సదాశివ్ చూశాడు. వంకరపోయిన నోరు కదిలింది, ఏదో చప్పుడు వచ్చింది. తర్వాత మెల్లగా ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. ఆమె మంచం పక్కన కూర్చుని, తడిగుడ్డ అడిగి తీసుకుని, తన తల్లి చేసినట్టే ఆయన చెయ్యీ మెడా తుడిచింది. ఆయన వద్దనలేదు, ఇటు తిరగనూ లేదు.

గడప దాకా సాగనంపడానికి వచ్చిన నేహా, "అందరితోని గట్లనే చేస్తుండు అత్తా. నోరు వంకర వొయిందని సిగ్గు" అంది. తబితమ్మ తలూపింది. ఆ పిల్ల మాట నమ్మాలని ఆమెకు ఎంతో ఉంది. ఆ తర్వాత కూడా రోజూ పోయింది. వారం తిరగక ముందే ఆయన పోయాడు. శవం వెంట పార్టీ జెండాలు, బండ్లు, ఊరి పెద్దలు. తబితమ్మ గంజ్ మూల మీద మూసిన దుకాణం నీడలో నిలబడి, ఊరేగింపు కనుమరుగయ్యే దాకా చూసి, ఇంటికి నడిచి పోయింది.

ట్రాక్టర్లు దారి మార్చుకున్నాయి. ఎర్రగుంత గుట్టను మట్టి పోసి చదును చేశారు. మొదటి వాన పడ్డప్పుడు గల్లీలో మట్టి వాసన వచ్చింది. ముసలివాళ్లు ఆ వాసనను గుర్తుపట్టి బయటికి వచ్చి నిలబడ్డారట. పిల్లలు ఆ చదునులో ఆడుకుంటారు. తను ఏండ్ల తరబడి కొట్లాడింది దీనికోసమే. చూస్తే కడుపు నిండుతుంది, వెంటనే ఎక్కడో గుచ్చుకుంటుంది. బసమ్మ వాకిట్లో రొట్టెలు చేస్తూ ఒకరోజు తనంతట తానే, "గాలి మంచిగొస్తాంది" అంది. ఎవరితో అన్నదో తెలియదు, గల్లీలో అప్పుడు తబితమ్మ ఒక్కతే ఉంది.

"ఔనక్కా" అంది తబితమ్మ. బసమ్మ పొయ్యి మీది రొట్టె తిప్పింది, తబితమ్మ గడప దగ్గరే నిలబడింది.

తాండాకు ఇప్పటికీ బోరు పడలేదు, టాంకీ లేదు. జిమ్మేదారి తీసుకున్న మనిషి లేడు. నేహా అడుగుతూనే ఉంది, పార్టీలో వింటామంటున్నారు. తాండా బావి నీళ్లు ఇంకా పూర్తిగా చెడలేదు గానీ వాసన మొదలైంది. మగవాళ్లు సగం మంది పుణె పనులకు పోయారు. తబితమ్మ వెతుక్కుంటూ పోయినప్పుడు జగదేవి ఆమెను వెంటనే గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక కోపం కూడా చేసుకోలేదు.

"నువ్వు ఒద్దన్నవంట గదా, మాకు తర్వాత తెలిసింది" అంది. "ఏం జేస్తవు, ఒక్కదానివి."

ఇప్పుడు నెలకు రెండు మూడుసార్లు జగదేవి బస్సు దిగి వస్తుంది, తబితమ్మ మిషను ఆపి వెంట పోతుంది. నీళ్ల కోసం ఆఫీసులన్నీ తిరుగుతారు. మొన్న కూడా పోయారు. బల్ల వెనక గుమాస్తా కొత్తవాడు, ఆమెను ఎరగడు.

"మీరెవరమ్మా? మెంబరా?"

"గాదు."

"ఏ పార్టీ తరఫున వచ్చిండ్రు?"

"పార్టీ లేదు సార్. ఈమెకు నీళ్లు గావాలె, నాకు దారి ఎరికే, తోలుకొచ్చిన."

సాహెబు బెంగళూరు పోయాడని, సోమవారం రమ్మని గుమాస్తా చెప్పాడు. జగదేవికి తాండాకు పోయే బస్సు టైమవుతోంది. ఇద్దరూ మెట్లు దిగి బస్టాండు వైపు నడిచారు. ఎండ మండుతోంది. తబితమ్మ కొంగు నెత్తిన వేసుకుని, జగదేవికి వినబడేలా, "సోమవారం జర జల్ది రా అమ్మా, పది గొట్టంగనే పోదాం" అంది.